చందమామ పక్కకు తప్పుకోదు

సూళ్లూరుపేటలో రాకెట్ల మీద అభిప్రాయం లేని మనిషి దొరకడు. శ్రీహరికోట అంతరిక్ష కేంద్రం షార్‌లో ప్రయోగం ఉందంటే ఆటో తోలేవాడి దగ్గర్నుంచి పెళ్లి వంటలవాడి దాకా అందరూ కౌంట్‌డౌన్ లెక్క చెప్పేస్తారు. ఆ చనువు ఊరికే రాలేదు. 1971 అక్టోబరు 9న శ్రీహరికోట నుంచి తొలి రోహిణి రాకెట్ లేచింది మొదలు, పులికాట్ అవతల నుంచి వచ్చే ఆ ఉరుము వింటూ పెరిగిన ఊరు మాది. అయితే ఆ చనువులో నుంచే ఒక మాట పుట్టి, నోట నోట నలిగి, ఇప్పుడు ఎవరూ ఎదురు చెప్పని సత్యమై కూర్చుంది. వైమానిక దళం విదేశీ క్షిపణులు కొంటోందని పేపర్లో వార్త పడినప్పుడల్లా అది బయటికొస్తుంది: "చందమామ కాడికి పంపినోళ్లకి, విమానం ఎంటబడే మూడు మీటర్ల క్షిపణి ఒక లెక్కా?"

టీ కొట్టు దగ్గర ఆగిపోయే మాటే అయితే దీనికో వ్యాసం అక్కర్లేదు. టీవీ చర్చల్లో ఇదే మాటకు కోటు తొడిగి కూర్చోబెడుతున్నారు. ఇంజనీరింగు కాలేజీ సభల్లో ముఖ్య అతిథులు ఇదే మాటతో చప్పట్లు కొట్టించుకుంటున్నారు. దాని నుంచి రెండు తీర్పులు పుడుతున్నాయి. కొనేవాళ్లు కమీషన్లకు అమ్ముడుపోయారని ఒకటి. హైదరాబాదు ప్రయోగశాలల్లో పనిదొంగలు చేరారని రెండోది. రెండు తీర్పులకూ ఆధారం ఆ ఒక్క మాటే. ఆ ఆధారమే తప్పు. రాకెట్ చేయడం వచ్చినంత మాత్రాన వేడిని వెంటాడే క్షిపణి చేయడం రాదు. ఆ రెండూ ఒకే వస్తువుకు పెద్ద సైజూ చిన్న సైజూ అనుకోవడం దగ్గరే లెక్క తప్పింది.

ముందు వాళ్ల వాదనలోని బలాన్ని ఒప్పుకుందాం. చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం-3 రాకెట్ ఎత్తు 43 మీటర్ల పైచిలుకు, బరువు 640 టన్నులు. దాని పక్కన రెండు వైపులా ఉండే ఎస్-200 బూస్టర్లలో ఒక్కోదానికి 200 టన్నులకు పైగా ఘన ఇంధనం పడుతుంది. ఆ ఇంధనాన్ని కలిపి పోతపోసేది ఇక్కడే, శ్రీహరికోటలో. ఇటు చూస్తే, మన సుఖోయ్‌ల రెక్కల కింద వేలాడే రష్యన్ ఆర్-73 క్షిపణి పొడవు మూడు మీటర్లు, బరువు 105 కిలోలు. అమెరికా సైడ్‌వైండర్ ఇంకా తేలిక. నలుగురు సిబ్బంది చేతుల మీద ఎత్తుకొచ్చి రెక్కకు తగిలించేస్తారు. ఈ రెండు బొమ్మలూ పక్కపక్కన పెడితే ఎవరికైనా ఆ ప్రశ్నే వస్తుంది.

పైగా వాళ్ల చేతిలో అగ్ని ఉంది. 1980 జులై 18న రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టిన ఎస్‌ఎల్‌వీ-3 మొదటి దశే కొద్ది మార్పులతో అగ్ని క్షిపణికి మొదటి దశ అయింది. ఎస్‌ఎల్‌వీ-3 ప్రాజెక్టును నడిపిన కలామ్ గారే 1982లో హైదరాబాదులోని క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌కు డైరెక్టరుగా వెళ్లారు. 1989 మే 22న చాందీపూర్ నుంచి అగ్ని ఎగిరింది. శ్రీహరికోట విద్య క్షిపణిగా మారుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి అంటారు.

సాక్ష్యం నిజమే. అది దేనికి సాక్ష్యమో చూడాలి.

అగ్ని వెళ్లేది మ్యాపు మీద ఒక చుక్కకు. ఆ చుక్క కదలదు. చంద్రయాన్-3 2023 జులై 14న మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకు బయల్దేరింది. నలభై రోజుల తర్వాత చందమామ ఎక్కడుంటుందో ఆ క్షణానికే తెలుసు. శాస్త్రవేత్తల దాకా ఎందుకు, పంచాంగకర్తకూ తెలుసు. ఆ ప్రయాణంలో ఎన్ని కష్టాలున్నా ఒక్క కష్టం మాత్రం లేదు: చందమామ పక్కకు తప్పుకోదు. తన మీదికి ఏదో వస్తోందని గమనించి మెలి తిరగదు, మబ్బులోకి దూరదు, వెనక నుంచి మండే మెగ్నీషియం ముక్కలు వెదజల్లదు. శత్రు విమానంలో ఉన్నవాడు ఇవన్నీ చేస్తాడు. అదీ ప్రాణభయంతో చేస్తాడు.

రాకెట్‌కు ఇంకో భాగ్యం కూడా ఉంది. అనుమానమొస్తే ఆపుకోవచ్చు. చంద్రయాన్-2 ప్రయోగాన్ని 2019 జులై 15 తెల్లవారుజామున ఇంకో 56 నిమిషాల 24 సెకన్లుందనగా ఆపేశారు. సాక్షాత్తూ రాష్ట్రపతి వచ్చి కూర్చున్నా ఆపేశారు. లోపం సరిచేసి వారం తర్వాత 22న పంపారు. అది షార్ గొప్పదనం. యుద్ధ విమానం కింద వేలాడే క్షిపణికి ఆ సదుపాయం ఎవరిస్తారు? జోధ్‌పూర్ ఎండలో రన్‌వే మీద కాగాలి. అరగంటలో పదేసి కిలోమీటర్ల ఎత్తున గడ్డకట్టే చలిలోకి పోవాలి. దిగేటప్పుడు ప్రతిసారీ కుదుపు తినాలి. ఇలా నెలల తరబడి వాడకుండా మోసుకు తిరిగి, ఒకానొక రోజు పైలట్ మీట నొక్కితే క్షణాల్లో కళ్లు తెరిచి సిద్ధంగా ఉండాలి. అక్కడ కౌంట్‌డౌన్ ఆపేవాడు ఉండడు.

కళ్లు తెరవడమనే మాట కావాలనే వాడాను. వేడిని వెంటాడే క్షిపణి చరిత్ర మొత్తం దాని కంటి చరిత్రే. నిపుణులు దాన్ని సీకర్ అంటారు. క్షిపణి ముక్కు దగ్గర గాజు గోళం లాంటి కిటికీ వెనక ఉండే ఆ చిన్న పరికరమే అసలు సరుకు. ఇంజను ఎప్పుడో కుదిరిపోయింది. దీనికి తిరుగులేని రుజువు సైడ్‌వైండరే. 1956లో అమెరికా నౌకాదళంలో చేరిన తొలి సైడ్‌వైండర్ లావు 127 మిల్లీమీటర్లు. 2003లో చేరిన ఏఐఎం-9ఎక్స్ లావూ అంతే. మోటారూ, పేలుడు భాగమూ అంతకుముందు రకం నుంచే తీసుకున్నారు. ఈ నలభై ఏడేళ్లలో ఎన్నిసార్లు మారిందో లెక్కలేనంతగా మారింది దాని తలకాయ. ఇంజనులో ఉందనుకున్న విద్య ఇంజనులో ఉంటే ఈ గొట్టం ఎప్పుడో మారిపోయేది.

ఆ తలకాయ ఎలా పుట్టిందో చూడండి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక కాలిఫోర్నియా ఎడారిలో చైనా లేక్ అనే నౌకాదళ ప్రయోగశాలలో విలియం మెక్‌లీన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఈ పని మొదలుపెట్టాడు. లెడ్ సల్ఫైడ్ అనే పదార్థం మీద వేడి కిరణాలు పడితే దాని విద్యుత్ గుణం మారుతుంది. దాని ముందు గీతలు గీసిన చక్రాన్ని గిరగిరా తిప్పితే, వేడి ఏ పక్క నుంచి వస్తోందో ఆ మిణుకును బట్టి తెలుస్తుంది. తెలిసిన దిక్కుకే ముక్కు పెట్టి పరిగెడితే పని జరగదు. అప్పటికి లక్ష్యం ముందుకు జరిగిపోతుంది. మన సర్వీసు రోడ్డు నుంచి హైవే ఎక్కేటప్పుడు అటు నుంచి వచ్చే లారీ మన అద్దంలో ఒకేచోట నిలిచి పెద్దదవుతోందంటే గుద్దుకోబోతున్నట్టు లెక్క. డ్రైవరు తప్పించుకోవడానికి వాడే ఆ సూత్రాన్నే క్షిపణి గుద్దడానికి వాడుతుంది: లక్ష్యం తన చూపులో పక్కకు జరగకుండా చూసుకుంటూ పోతుంది. 1953 సెప్టెంబరులో తొలిసారి ఆ క్షిపణి పైలట్ లేని విమానాన్ని పడగొట్టింది.

మెక్‌లీన్ బృందం తెలివి ఎక్కడుందో చెప్పే చిన్న ముక్క ఒకటి ఆ క్షిపణి తోక రెక్కల చివర కనిపిస్తుంది. అంచుకు పళ్లున్న చిన్న లోహపు చక్రం. క్షిపణి దూసుకెళ్తుంటే గాలికే అది వేల చుట్లు తిరిగి గైరోస్కోపులా పనిచేస్తుంది. క్షిపణి బొంగరంలా దొర్లకుండా ఆపుతుంది. బ్యాటరీ లేదు, తీగ లేదు. ఇలాంటి ముక్క పుట్టాలంటే కొన్నేళ్ల పాటు క్షిపణులు గురి తప్పుతుంటే చూస్తూ, ఎందుకు తప్పాయో వెతుకుతూ కూర్చునే ఓపిక ఉండాలి. ఈ ఓపిక రాకెట్‌తో పాటు ఉచితంగా రాదు.

ఇంత చేసినా ఆ తొలి కన్ను సగం గుడ్డిది. అది చూడగలిగింది జెట్ ఇంజను వెనక ఎర్రగా కాలిన లోహాన్ని మాత్రమే. అంటే శత్రువు వెనక్కి చేరితేనే పని. సూర్యుడు అడ్డొస్తే సూర్యుడి మీదికి పోయేది. మబ్బు అంచు మెరిసినా, నేల కాగినా తికమకపడేది. 1965 సెప్టెంబరు 4న మన మిగ్-21 నడుపుతూ స్క్వాడ్రన్ నాయకుడు వోలెన్ పాకిస్తాన్ సేబర్ విమానం మీదికి రెండు కె-13 క్షిపణులు వదిలాడు. రెండూ తగల్లేదు. వియత్నాంలో అమెరికన్ల గతి కూడా అదే. 1965 నుంచి 1968 దాకా పేల్చిన సైడ్‌వైండర్లలో తగిలింది సుమారు ఆరింటికి ఒకటి. అప్పటికే చందమామ మీదికి మనుషుల్ని పంపే సాటర్న్ రాకెట్‌ను కడుతున్న దేశమది! మా ఊరి వాదనే నిజమైతే అమెరికాకు ఆ దురవస్థ పట్టకూడదు కదా.

అదే యుద్ధంలో ఫాల్కన్ అనే మరో క్షిపణి కథ ఇంకా దగ్గరగా చూడదగ్గది. కన్ను చురుగ్గా పనిచేయాలంటే దాన్ని చల్లబరచాలి. తానే వెచ్చగా ఉన్న కన్నుకు బయటి వెచ్చదనం ఏం తెలుస్తుంది? ఫాల్కన్ కంటిని చల్లబరచడానికి అందులో కొద్దిగా ద్రవ నైట్రోజన్ పెట్టారు. పైలట్ ముందు మీట నొక్కి, కన్ను చల్లబడేదాకా ఆరేడు సెకన్లు ఆగాలి. మొదలుపెట్టాక ఆ నైట్రోజన్ వచ్చేది సుమారు రెండు నిమిషాలు. ఈలోపు పేల్చకపోతే ఆ క్షిపణి కన్ను మూసినట్టే. ఊరికే మోసుకుని ఇంటికి రావడమే. తొందరపడి ముందే చల్లబరిస్తే అవసరానికి ఉండదు. ఆగి చల్లబరిస్తే ఈలోపు శత్రువు ఉండడు. దానికి తోడు లక్ష్యం పక్క నుంచి పోతే పేలే ఏర్పాటు లేదు. సూటిగా గుద్దితేనే పేలుడు. విసిగిపోయిన రాబిన్ ఓల్డ్స్ అనే కర్నల్ తన ఫాంటమ్ విమానాల నుంచి వాటిని పీకించి పాత సైడ్‌వైండర్లే పెట్టించాడు. ఫాల్కన్ మోటారుకు ఏ లోపమూ లేదు. కన్ను చల్లబరిచే గ్లాసుడు ద్రవం దగ్గర క్షిపణి మొత్తం ఓడిపోయింది.

ఆ ఓటమి నుంచే తర్వాతి తరం పుట్టింది. 1970ల చివర్లో వచ్చిన ఏఐఎం-9ఎల్ కంట్లో లెడ్ సల్ఫైడ్ స్థానంలో ఇండియం యాంటిమొనైడ్ స్ఫటికం చేరింది. ఆర్గాన్ వాయువుతో దాన్ని గట్టిగా చల్లబరిచారు. ఆ కన్ను ఎర్రగా కాలిన గొట్టాన్నే గాక పొగ ధార వేడినీ, గాలి రాపిడికి వెచ్చబడిన రెక్కల్నీ చూడగలిగింది. ఇక శత్రువు వెనక్కే చేరాలన్న నియమం పోయింది. 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధంలో బ్రిటిష్ సీ హారియర్లు పేల్చిన పాతిక పైచిలుకు క్షిపణుల్లో దాదాపు ముప్పాతిక వంతు తగిలాయి. గొట్టం అదే. లావు అదే. తేడా అంతా గోరంత స్ఫటికానిదీ, దాన్ని చల్లగా ఉంచిన వాయువుదీ.

ఆపైన సోవియట్లు ఆర్-73తో ఆట మార్చేశారు. పైలట్ తల తిప్పి చూస్తే చాలు, హెల్మెట్‌కున్న గురి పరికరం ఆ దిక్కును క్షిపణి కంటికి చెబుతుంది. విమానం ముక్కు అటు తిరగాల్సిన పని లేదు. 1990లో రెండు జర్మనీలు కలిశాక తూర్పు జర్మనీ మిగ్-29లు పశ్చిమ దేశాల చేతికొచ్చి, వాటితో ఉత్తుత్తి పోరాటాలు చేసి చూసినప్పుడు గానీ తాము ఎంత వెనకబడ్డారో వాళ్లకు తెలియలేదు. ఆ తర్వాతి అడుగు బొమ్మను చూసే కన్ను. పాత కన్ను వేడి చుక్కను చూస్తే ఇది ఆకారాన్ని చూస్తుంది. 128 గళ్లు అడ్డం, 128 గళ్లు నిలువు. విమానానికీ దాన్నుంచి రాలిన మంట ముక్కకూ తేడా పట్టగలదు. బ్రిటన్ వాళ్ల ఆస్రామ్, అమెరికా ఏఐఎం-9ఎక్స్ ఈ రకానివే.

ఇప్పుడు ఈ ఆస్రామ్ సంగతి చూద్దాం. మా ఊరి వాదనకు అది పెట్టే పరీక్ష ఇంకేదీ పెట్టదు. మన జాగ్వార్ విమానాల కోసం 2014లో మనం కొన్నది ఈ క్షిపణినే. చేసిన దేశం బ్రిటన్. ఆ బ్రిటన్ తన సొంత రాకెట్ బ్లాక్ యారోతో ఒకే ఒక్క ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆస్ట్రేలియాలోని వూమెరా నుంచి, 1971 అక్టోబరు 28న. ఆ ప్రయోగానికి ముందే ఆ రాకెట్ కార్యక్రమాన్ని ఖర్చు దండగని రద్దు చేసేసింది. తేదీ గమనించండి. శ్రీహరికోటలో మొదటి రాకెట్ లేచిన నెలలోనే బ్రిటన్ తన చివరి ఉపగ్రహ రాకెట్ వదిలి దుకాణం కట్టేసింది. రాకెట్ విద్య వదిలేసిన దేశం దగ్గర, రాకెట్ విద్యలో ఆరితేరిన మనం, వేడిని వెంటాడే క్షిపణి కొనుక్కున్నాం. చందమామే కొలబద్ద అయితే ఇది ఎలా సాధ్యం?

ఒక్క బ్రిటనే కాదు. దక్షిణాఫ్రికా ఇంతవరకూ సొంత రాకెట్‌తో ఒక్క ఉపగ్రహాన్నీ కక్ష్యలో పెట్టలేదు. కానీ 1970ల్లోనే హెల్మెట్‌తో గురిపెట్టే వేడి క్షిపణి చేసింది. జర్మనీకి సొంతంగా ఉపగ్రహ వాహకం లేదు. ఐరిస్-టి క్షిపణి తయారీకి నాయకత్వం వహించింది. ఇజ్రాయెల్ తొలి ఉపగ్రహం పంపింది 1988లో. దాని షఫ్రిర్-2 క్షిపణి 1973 యుద్ధంలోనే పేరు తెచ్చుకుంది. పైగా దానికి ముందు చేసిన షఫ్రిర్-1 నవ్వులపాలైన క్షిపణి. వీళ్లందరి దగ్గరా ఉన్నవి స్ఫటికాలు పెంచే పరిశ్రమ, కటకాలు అరగదీసే పనివాళ్లు, పోరాడి వచ్చిన పైలట్ చెప్పింది వినే ఇంజనీర్లు. చందమామ ప్రస్తావన ఎక్కడా లేదు.

హైదరాబాదు సంగతికి వద్దాం. 1983లో మొదలైన సమీకృత క్షిపణి కార్యక్రమంలో అగ్నీ ఉంది, నాగ్ కూడా ఉంది. ఒకే కార్యక్రమం, ఒకే నాయకత్వం, ఒకే కంచన్‌బాగ్ ఆవరణ. శ్రీహరికోట మోటారు వారసత్వంగా వచ్చిన అగ్ని ఆరేళ్లలో ఎగిరింది. యుద్ధ ట్యాంకును వేడి బొమ్మగా చూసి వెంటాడే 42 కిలోల నాగ్ తుది వినియోగ పరీక్ష పూర్తి చేసుకున్నది 2020 అక్టోబరు 22న. ఆరేళ్లు ఎక్కడ, ముప్పై ఏడేళ్లు ఎక్కడ! నాగ్ ఆలస్యానికి వేరే కారణాలూ ఉన్నాయి. సైన్యం అవసరాలు మారడం, మోసుకెళ్లే వాహనం చుట్టూ తగాదాలు. కానీ పదేపదే కాళ్లకు అడ్డం పడింది కన్నే. రాజస్థాన్ వేసవిలో మధ్యాహ్నం ఇసుకా రాళ్లూ ట్యాంకూ ఒకే వేడికి వచ్చేస్తే, నాలుగు కిలోమీటర్ల అవతల ఉన్న ట్యాంకు ఆ కంటికి ఆనలేదు. ఇంకా సున్నితమైన స్ఫటికాలతో కన్నును మళ్లీ కట్టాల్సి వచ్చింది. అవి వెతికినవాళ్లు పనిదొంగలు కారు. మనకు రాని విద్యను ఎండలో నిలబడి నేర్చుకున్నవాళ్లు.

అస్త్ర క్షిపణి కథ కూడా ఇదే చెబుతుంది. అది వేడిని వెంటాడేది కాదు, రాడార్‌తో దూరాన ఉన్న విమానాన్ని పట్టేది. అయినా పోలిక కుదురుతుంది. 2003లో తొలి పరీక్ష జరిగింది. మోటారు మనది, ఒళ్లు మనది, లెక్కలు మనవి. కన్ను మాత్రం మొదట్లో రష్యాది. మన రాడార్ కన్నుతో సుఖోయ్ నుంచి దాన్ని పరీక్షించిన సంగతి ప్రభుత్వం ప్రకటించింది 2025 జులైలో. ఏ క్షిపణిని చూసినా చివరికి మిగిలిపోయే పని ముక్కు దగ్గరే ఉంటోంది.

"అయితే షార్‌వాళ్లకు ఆ కన్ను అప్పగిస్తే చేసేసేవాళ్లు" అంటారు. షార్ మీద అభిమానం మాకూ తక్కువేమీ లేదు. అందుకే షార్ చరిత్రే గుర్తుచేస్తాను. ఘన ఇంధన రాకెట్లలో మేటి అనిపించుకున్న ఇస్రోకు క్రయోజెనిక్ ఇంజను చిటికెలో వచ్చిందా? 1993లో అమెరికా ఒత్తిడికి రష్యా సాంకేతికత ఇవ్వడం మానేసింది. సొంత ఇంజనుతో తొలి ప్రయోగం 2010 ఏప్రిల్ 15న ఇక్కడే జరిగింది, బంగాళాఖాతంలో పడింది. 2014 జనవరి 5న గానీ గెలవలేదు. ఇరవై ఏళ్లు. ఒకే సంస్థలో, ఒకే రాకెట్‌లో కింది దశ నుంచి పై దశకు ఎక్కడానికే ఇరవై ఏళ్లు పడితే, రాకెట్ నుంచి స్ఫటికానికి దూకడానికి రోజులెన్ని కావాలి? క్రయోజెనిక్ వాళ్లు చలిని టన్నుల్లో నిల్వ చేస్తారు. సీకర్ వాళ్లు గోరంత చోట మైనస్ 196 డిగ్రీల దరిదాపు చలిని క్షణాల్లో పుట్టించాలి. రెండూ చలే. ఒకటొచ్చినవాడికి రెండోది రాదు.

పోనీ మోటారైనా అదేనా అంటే అదీ కాదు. ఎస్-200 ఇంధనం రెండు నిమిషాల పైన మండుతుంది; తెల్లటి పొగ ఊరంతా చూసి మురుస్తుంది. విమాన క్షిపణి మోటారు మండేది కొద్ది సెకన్లు. పొగ తక్కువ రావాలి, లేకపోతే శత్రువు దాన్ని చూసే తప్పుకుంటాడు. ఎండకూ చలికీ పదేళ్లపాటు పగుళ్లివ్వకుండా నిలవాలి. మేం మురిసిపోయే పొగే అక్కడ దోషం.

ఇంకో వర్గం ఉంది. "కొన్నవి విప్పి చూసి కాపీ కొడితే పోలా" అంటారు. కాపీకి ప్రపంచంలో పెద్ద ఉదాహరణ ఉండనే ఉంది. 1958 సెప్టెంబరులో తైవాన్ జలసంధి మీద జరిగిన పోరాటంలో ఒక సైడ్‌వైండర్ చైనా మిగ్-17కు తగిలి, పేలకుండా అందులో ఇరుక్కుపోయింది. అది మాస్కో చేరి కె-13 అయింది. ఆ క్షిపణి తమకో విశ్వవిద్యాలయమని అక్కడి ఇంజనీరు ఒకాయన తర్వాత చెప్పుకున్నాడు. చక్కగా చదువుకున్నారు, ఒప్పుకుంటాను. కానీ ఆ చదువుతో వచ్చింది తొలి తరం సగం గుడ్డి కన్నే. 1965లో వోలెన్ వదిలినవి అవే. అక్కడి నుంచి ఆర్-73 దాకా రావడానికి సోవియట్లకు రెండు దశాబ్దాల పైన పట్టింది. కాపీ నిన్నటి క్షిపణిని ఇస్తుంది. రేపటిదాన్ని ఇవ్వదు.

ఈనాటి సీకర్‌నైతే విప్పినా ఫలం తక్కువ. ఏ మంటను నమ్మాలో, ఏ మంటను వదిలేయాలో చెప్పే తెలివి సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. అది అమ్మినవాడి గుప్పిట్లోనే ఉంటుంది. ఆ తెలివి కూడా ఏ రోజుకారోజు పదును పెట్టాల్సిందే. 2017 జూన్ 18న సిరియా మీద అమెరికా సూపర్ హార్నెట్ ఒకటి పాతకాలపు సుఖోయ్-22 మీదికి ఏఐఎం-9ఎక్స్ వదిలితే అది తగల్లేదు. రెండోసారి రాడార్ క్షిపణి వాడాల్సి వచ్చింది. ప్రపంచంలో మేటి అనుకున్న కన్నుకే అప్పుడప్పుడు ఇలా జరుగుతుంటే, విప్పి చూసి కాపీ కొట్టిన కన్నుకు ఎవరు పూచీ?

"వందల కిలోమీటర్ల దూరం నుంచే కొట్టే రోజుల్లో ఈ దగ్గరి క్షిపణులెందుకు" అనేవాళ్లకు ఒక్క మాట. రాడార్ క్షిపణి చివర్లో రాడార్ వేస్తుంది, శత్రువుకు తెలిసిపోతుంది. వేడి క్షిపణి ఏమీ వేయదు, చూస్తుందంతే. రాడార్‌కు దొరకని విమానానికి కూడా ఇంజను వేడి ఉంటుంది. అందుకే రఫేల్ రెక్కల కింద ఈనాటికీ వేడిని వెంటాడే మికా క్షిపణులు ఉంటున్నాయి. 1999 ఆగస్టు 10న కచ్ రణ్ మీద పాకిస్తాన్ అట్లాంటిక్ విమానాన్ని మన మిగ్-21 పడగొట్టింది వేడి క్షిపణితోనే.

ఇంతా చెప్పి దిగుమతుల తరఫున వకాల్తా పుచ్చుకోవడం లేదు నేను. నా వాదన దానికి సరిగ్గా వ్యతిరేకం. అవతలివాడి కన్నుతో యుద్ధానికి పోకూడదు కనుకే, ఆ కన్ను ఎంత కష్టమో ముందు తెలుసుకోవాలి. "మనకిదొక లెక్కా" అనుకున్న పనికి ఎవరూ డబ్బివ్వరు, గడువివ్వరు, ఓడిపోయే వీలివ్వరు. ఎస్‌ఎల్‌వీ-3 1979 ఆగస్టు 10న సముద్రంలో పడినప్పుడు దాన్ని మన్నించి ఇంకో అవకాశమిచ్చిన దేశం, నాగ్ ఎడారిలో తడబడితే వెక్కిరించింది. మొదటిది కష్టమని తెలుసు. రెండోది సులువని అనుకున్నాం. ఆ తేడా పుట్టింది మా ఊరి మాట నుంచే.

నష్టం పిల్లల దాకా పోయింది. ఈ చుట్టుపక్కల ఇంజనీరింగు చదివే పిల్లలందరికీ రాకెట్ అంటే ఇంజనే, ఇంజను అంటే మంటే. స్ఫటికాలు పెంచడం, వాక్యూం గదుల్లో పలచటి పూతలు పూయడం, కటకాలు నున్న చేయడం, గోరంత శీతల యంత్రాలు కట్టడం కూడా రక్షణ విద్యలేనని చెప్పినవాడు లేడు. ఆ పనుల్లో చప్పట్లుండవు, కౌంట్‌డౌన్ ఉండదు. అయినా ఆర్-73కు మారుగా మనది అనిపించుకునే క్షిపణి ఎప్పుడొచ్చినా ఆ గదుల్లోంచే రావాలి. ఆనవాళ్లు కొన్ని ఉన్నాయి. సైనికులు మోసుకెళ్లే చిన్న విమాన విధ్వంసక క్షిపణి వీషోరాడ్స్‌కు హైదరాబాదు ఇమారత్ పరిశోధన కేంద్రం కట్టిన సీకర్ 2022 నుంచి చాందీపూర్ తీరంలో పరీక్షల్లో నిలుస్తోంది. దాన్ని తొమ్మిది జీ ఒత్తిడితో మెలికలు తిరిగే విమానం రెక్క కిందికి తేవడం ఇంకో పెద్ద మెట్టు. ఎక్కలేనిది కాదు. చిటికెలో ఎక్కేది మాత్రం కాదు.

భారత్ డైనమిక్స్ వాళ్లు 2021లో ఆస్రామ్ కూర్పు కోసం ఒప్పందం చేసుకున్నప్పుడు "ఇంకేం, మనదే అయిపోయింది" అన్నవాళ్లున్నారు. కూర్చడమూ మంచిదే, చేతికి పని వస్తుంది. కానీ భాగాలు తెచ్చి బిగించినంత మాత్రాన కన్ను మనదవదు. ఇలాంటి ప్రకటన ఈసారి వచ్చినప్పుడు చప్పట్లకో తిట్లకో ముందు మూడు ప్రశ్నలు వేయండి. కంట్లోని స్ఫటికం ఎక్కడ పెరిగింది? ఏ మంటను నమ్మాలో చెప్పే సాఫ్ట్‌వేర్ మార్చే తాళం ఎవరి చేతిలో ఉంది? మెలికలు తిరుగుతూ మంటలు వదిలే లక్ష్యం మీద ఎన్నిసార్లు పేల్చి చూశారు? మూడింటికీ "మనమే" అన్న జవాబు రానంతకాలం పని మిగిలి ఉన్నట్టే; దానికి కావలసింది డబ్బూ, ఏళ్లూ, ఓడినా వెక్కిరించని జనమూ. అంతేగానీ చంద్రయాన్‌ను సాక్షిగా బోనెక్కించకండి. ఈ కేసులో దానికి తెలిసింది ఏమీ లేదు.